వాన లెక్కకు అందని కరువు

ఒకే ప్రాంతంలో, ముప్పై ఏళ్ల ఎడంతో, రెండు సంవత్సరాల్లో సరిగ్గా ఒకే మోతాదులో వాన పడిందనుకుందాం. వర్షమాపకం రెండుసార్లూ ఒకే అంకె చూపిస్తుంది. అయినా మొదటి ఏడాది గట్టెక్కిన పైరు రెండో ఏడాది గింజ పట్టకముందే ఎండిపోవచ్చు. మొదటిసారి వేసవి చివరిదాకా నిలిచిన చెరువు రెండోసారి నడివేసవిలోనే అడుగంటవచ్చు. పడిన నీటిలో తేడా లేదు. తేడా అంతా ఆ నీటిని తిరిగి పైకి పీల్చుకున్న గాలిలో ఉంది. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో కరువు గురించి జరిగే చర్చల్లో తరచూ జారిపోయే విషయం ఇదే. కరువు అనగానే చూపు రాని మేఘం వైపు వెళ్తుంది. వచ్చిన నీరు ఎంత వేగంగా పోతోందో, అందులో మనుషులు తీసుకుంటున్న వాటా ఎంతో చూడనంతవరకు ఈనాటి కరువులు పూర్తిగా అర్థం కావు.

తెలుగులో ఈ విషయం చుట్టూ ఉన్న మాటలే దీన్ని మెట్లు మెట్లుగా విడదీసి చూపిస్తాయి. వాన లేకపోవడం అనావృష్టి. నేలలో పదును తగ్గి పైరు తలవాల్చడం బెట్ట. తిండికీ నీటికీ పశువుల మేతకూ కటకటలాడే స్థితి కరువు. వీటిలో ఒకటి ఉన్నచోట మిగిలినవి ఉండి తీరాలని లేదు. 1985లో డొనాల్డ్ విల్‌హైట్, మైకేల్ గ్లాంట్జ్ అనే పరిశోధకులు కరువుకు అప్పటికి చలామణీలో ఉన్న నూటయాభైకి పైగా నిర్వచనాలను వడపోసి నాలుగు రకాలుగా సర్దినప్పుడు దాదాపు ఇదే మెట్ల వరుస వచ్చింది: వాతావరణపరమైన కరువు, వ్యవసాయ కరువు, నదులూ జలాశయాలూ భూగర్భ జలాలూ తగ్గే జలవనరుల కరువు, సరఫరాకూ అవసరానికీ పొంతన కుదరని సామాజిక ఆర్థిక కరువు. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య కాలవ్యవధి ఉంటుంది. వాన ఆగిన కొద్ది వారాలకే పైమట్టి ఎండుతుంది. జలాశయం తగ్గడానికి నెలలు పడుతుంది. లోతైన భూగర్భ జలమట్టంలో ఆ ప్రభావం ఏళ్ల తర్వాత గానీ కనిపించకపోవచ్చు. తుపానుకు తీరం దాటిన గంట ఉంటుంది, వరదకు గట్టు తెగిన రోజు ఉంటుంది. కరువు ఎప్పుడు మొదలైందన్నది మాత్రం వెనక్కి తిరిగి చూసినప్పుడే తెలుస్తుంది, ప్రభుత్వాలు ఆలస్యంగా కదలడానికి ఇదొక అనువైన సాకు కూడా.

కొలతలోనూ ఇదే చిక్కు. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త వేన్ పామర్ 1965లో రూపొందించిన సూచీ వానతోపాటు ఉష్ణోగ్రతనూ, నేల నిలుపుకోగల తేమనూ లెక్కలోకి తీసుకుంది. 1993లో వచ్చిన ప్రామాణిక వర్షపాత సూచీ వానను మాత్రమే చూస్తుంది. దాని లెక్క తేలిక, ఎక్కడైనా వాడవచ్చు. అందుకే ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని అన్ని దేశాలకూ సిఫార్సు చేసింది. 2010లో స్పెయిన్ పరిశోధకులు, పడిన వానలోంచి గాలి పీల్చుకోగల తేమను తీసివేసి మిగిలినదాన్ని కొలిచే మరో సూచీని ప్రతిపాదించారు. ఒకే ప్రాంతానికి, ఒకే ఏడాదికి ఈ సూచీలు వేర్వేరు తీర్పులు చెప్పగలవు. ఎండ, గాలి వేగం, గాలిలోని తేమ వంటివి పట్టించుకోకుండా కేవలం ఉష్ణోగ్రతతో ఆవిరిని అంచనా వేస్తే కరువు పెరుగుదల ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని 2012లో వెలువడిన ఒక అధ్యయనం ఎత్తిచూపింది. ఆ విమర్శ సబబైనదే. అయితే వాననే చూసే సూచీలో లోపం అంతకంటే పెద్దది, ఎందుకంటే వేడెక్కడం వల్ల జరుగుతున్న ముఖ్యమైన మార్పు దాని కంటికి అసలే ఆనదు.

మేఘం ఎందుకు ముఖం చాటేస్తుంది

వాన కురవాలంటే తేమగల గాలి పైకి లేచి చల్లబడాలి. గాలి పైనుంచి కిందికి దిగే చోట అధిక పీడనం నెలకొంటుంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది కాబట్టి మేఘం కట్టదు. సహారా వంటి ఎడారుల్లో ఇది ఏడాది పొడవునా ఉండే స్థితి. అదే స్థితి తనది కాని చోటుకు వచ్చి వారాలు, నెలల తరబడి తిష్ఠ వేస్తే అనావృష్టి అవుతుంది. దాన్ని అలా తిష్ఠ వేయించేది చాలాసార్లు ఎక్కడో దూరాన ఉన్న సముద్రం. ఎల్ నినో ఏడాదుల్లో పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భూమధ్యరేఖా జలాలు మామూలు కంటే వేడెక్కుతాయి. ఇండోనేషియా పరిసరాల్లో పైకి లేవాల్సిన తేమగాలి తూర్పుకు జరిగిపోతుంది. ఫలితంగా ఇండోనేషియాలో, ఆస్ట్రేలియా తూర్పు భాగంలో, దక్షిణాసియాలో, ఆఫ్రికా దక్షిణ భాగంలో, అమెజాన్ పరీవాహకంలోని పెద్ద భాగంలో వాన తగ్గే అవకాశాలు పెరుగుతాయి. 1876-78 నాటి బలమైన ఎల్ నినో సమయంలో భారతదేశం, ఉత్తర చైనా, ఈశాన్య బ్రెజిల్ ఇంచుమించు ఒకేసారి ఎండిపోయాయి. ఆ కాటకాల్లో కోటికి పైగా ప్రాణాలు పోయాయి. ఈ ముడి అప్పట్లో ఎవరికీ తెలియదు. రుతుపవనాలను ముందుగా పసిగట్టాలని భారతదేశంలో పనిచేస్తూ ప్రపంచం నలుమూలల నుంచి వాతావరణ పీడన లెక్కలు సేకరించిన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్‌కు ఒక చివర పీడనం పెరిగితే మరో చివర తగ్గుతుందని 1920లలో గుర్తించాడు. దానికీ సముద్రపు వేడికీ ఉన్న సంబంధం తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

పసిఫిక్ ఒక్కటే కాదు. హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి తూర్పు భాగం చల్లబడే ద్విధ్రువ స్థితిని 1999లో శాస్త్రవేత్తలు వివరించారు. 2019లో అది చాలా బలంగా ఏర్పడినప్పుడు తూర్పు ఆఫ్రికాలో వరదలు వచ్చాయి. ఆస్ట్రేలియాకు ఆ ఏడాది నమోదైన చరిత్రలోనే అత్యంత పొడి సంవత్సరంగా, అత్యంత వేడి సంవత్సరంగా మిగిలింది, వెంటనే ఆ దేశపు ఆగ్నేయ అడవులు తగలబడ్డాయి. ఆ తర్వాత 2020 నుంచి 2023 ఆరంభం దాకా లా నినా వరుసగా మూడు శీతకాలాలు కొనసాగింది. ఎల్ నినోకు ఎదురైనది గనుక మంచే చేస్తుందని అనుకోవడానికి లేదు. సోమాలియా, ఇథియోపియా, కెన్యాలు కలిసే ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో అదే కాలంలో వరుసగా ఐదు వానకార్లు తప్పాయి.

సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ కథ మరింత వివరంగా చెప్పుకోదగ్గది. 1960ల చివర మొదలై 1980ల దాకా సాగిన అక్కడి కరువుకు మొదట పశువుల కాపరులనే దోషులుగా నిలబెట్టారు. అతిగా మేపడం వల్ల నేల బోసిపోయి, ఎండను ఎక్కువగా తిప్పికొట్టి, వానను తానే తరిమేసుకుందన్న వాదన 1970లలో బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో భౌతికశాస్త్రపరంగా కొంత నిజం ఉంది. కానీ తర్వాతి దశాబ్దాల పరిశోధనలో ప్రధాన కారణం సముద్రాల దగ్గర దొరికింది: అట్లాంటిక్ ఉత్తర భాగం చల్లబడి, దక్షిణ అట్లాంటిక్, హిందూ మహాసముద్రాలు వేడెక్కడంతో వాన పట్టీ దక్షిణానికి జరిగిపోయింది. ఉత్తర అట్లాంటిక్ అలా చల్లబడటంలో అప్పటి ఐరోపా, ఉత్తర అమెరికా పరిశ్రమల పొగగొట్టాలు వదిలిన గంధకపు ధూళి పాత్ర కూడా ఉందని అనేక నమూనాలు సూచిస్తున్నాయి. మేకలను మేపుకునేవారి మీద మోపిన నేరంలో పెద్ద వాటా వేల కిలోమీటర్ల అవతలి కర్మాగారాలదీ, సముద్రాలదీ అయింది. కరువు కారణాల గురించిన తొలి తీర్పును, ముఖ్యంగా అది బాధితుల మీదే వేలు చూపిస్తున్నప్పుడు, కొంత అనుమానంగా చూడటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పైకి పోయే నీరు

ఇక వేడి చేసే పని. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. కానీ ప్రపంచం మొత్తం మీద కురిసే వాన డిగ్రీకి 1 నుంచి 3 శాతమే పెరుగుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడంలోనే వరదకూ కరువుకూ ఉమ్మడి మూలం ఉంది. గాలి ఎక్కువ ఆవిరిని కూడగట్టుకోగలదు కాబట్టి కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. మొత్తం వాన అంతగా పెరగదు కాబట్టి రెండు వానల మధ్య ఎడం సాగుతుంది. కుండపోతలో నీరు నేలలోకి ఇంకే తీరిక లేకుండా పారిపోతుంది. ఏడాది చివర సగటు లెక్కలో వర్షపాతం సాధారణమని తేలినా, పైరుకు కావలసిన వారంలో పదును లేకపోవడం అందుకే.

దీనికి మరో అంశం తోడవుతుంది. భూభాగం సముద్రం కంటే వేగంగా వేడెక్కుతోంది. పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2011-2020 దశాబ్దానికి సముద్రాల మీద వేడి సుమారు 0.9 డిగ్రీలు పెరగగా, నేల మీద సుమారు 1.6 డిగ్రీలు పెరిగింది. నేల మీది గాలికి తేమ చాలావరకు సముద్రం నుంచే రావాలి. తక్కువగా వేడెక్కిన సముద్రం పంపే ఆవిరి, ఎక్కువగా వేడెక్కిన నేలగాలి కోరే ఆవిరికి చాలదు. ఆ లోటును గాలి మట్టి నుంచి, ఆకుల నుంచి, చెరువుల నుంచి పూడ్చుకుంటుంది. మట్టి ఎండేకొద్దీ ఇంకో చక్రం మొదలవుతుంది. నేలలో తేమ ఉన్నంతకాలం ఎండలోని శక్తిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తేమ అయిపోయాక ఆ శక్తి అంతా గాలిని వేడి చేయడానికే మిగులుతుంది. బెట్ట వడగాడ్పును పెంచుతుంది, వడగాడ్పు బెట్టను పెంచుతుంది. 2003లో పశ్చిమ ఐరోపానూ, 2010లో రష్యానూ కాల్చిన వేసవుల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకున్నాయి.

మొక్కలు దీనికి కొంత అడ్డుకట్ట వేస్తాయన్నదీ నిజమే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అవి ఆకురంధ్రాలను తక్కువగా తెరిచి, తక్కువ నీటి ఖర్చుతో పెరగగలవు. అయితే వేడివల్ల పెరుగుదల కాలం పొడవైనప్పుడు, ఆకుల విస్తీర్ణం పెరిగినప్పుడు ఆ ఆదా చాలావరకు కరిగిపోతుంది. తీవ్రమైన బెట్టలో అది పైరును నిలబెట్టలేదు. ఈ పద్దులన్నీ కలిపి చూశాక, వాతావరణ మార్పును మదింపు చేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఐపీసీసీ 2021 నివేదిక ఒక లెక్క ఇచ్చింది. ఎండుతున్న ప్రాంతాల్లో పూర్వం పదేళ్లకోసారి వచ్చే స్థాయి వ్యవసాయ కరువు, ఒక డిగ్రీ వేడెక్కిన ప్రపంచంలో 1.7 రెట్లు తరచుగా వస్తోంది, వేడి 1.5 డిగ్రీలకు చేరితే 2 రెట్లు, 2 డిగ్రీలకు 2.4 రెట్లు, 4 డిగ్రీలకు 4.1 రెట్లు తరచుగా వస్తుంది. ఎండుతున్న ప్రాంతాల్లో అన్న మాటను వదిలేసి ఈ అంకెలను ప్రపంచం మొత్తానికి అంటగట్టడం సరికాదు. మధ్యధరా తీరం, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగం, ఉత్తర అమెరికా నైరుతి వంటి చోట్ల దిశ స్పష్టం. కొన్ని ప్రాంతాలు మునుపటికంటే తడిగా మారుతున్నాయి.

కరువు వేగం కూడా మారుతోంది. 2012 మే నెలలో పెద్దగా ఆందోళన కనిపించని అమెరికా దేశపు మధ్య మైదానాలు ఆగస్టుకల్లా తీవ్రమైన కరువులో ఉన్నాయి. మొక్కజొన్న పంట విస్తారంగా దెబ్బతింది. వారాల వ్యవధిలో నేల తేమను ఊడ్చుకుపోయే ఇలాంటి మెరుపు కరువులు, నెలకోసారి వచ్చే వర్షపాత నివేదికల కంటే ముందే పని ముగించేస్తాయి. కొండ ప్రాంతాల్లో మరో రకం దాపురించింది. నీరు పడుతుంది, కానీ మంచుగా కాక వానగా పడుతుంది. చలికాలంలో పడిన మంచు వేసవిలో నెమ్మదిగా కరిగి నదులకు నీరందించడం ఖర్చులేని జలాశయం వంటిది. కాలిఫోర్నియాలో 2015 ఏప్రిల్ 1న కొండల మీది మంచులోని నీటి నిల్వ ఆ తేదీకి ఉండాల్సిన సగటులో 5 శాతమే ఉంది.

అయితే ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం శాస్త్రం కాదు. 2015-17లో దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్‌ను ఎండగట్టిన వానలేమి అవకాశాన్ని మానవ ప్రేరిత వేడి సుమారు మూడు రెట్లు పెంచిందని, వేడెక్కని ప్రపంచాన్ని ఊహించిన నమూనాలతో పోల్చి పరిశోధకులు తేల్చారు. ఆఫ్రికా కొమ్ములోని 2020-22 కరువు విషయంలో కనీసం వంద రెట్లు అన్నారు. అక్కడ కీలకం వానలేమి కంటే వేడి పీల్చుకున్న తేమ. ఉత్తర అమెరికా నైరుతిలో 2000-2021 మధ్య 22 ఏళ్లు సామాన్య శకం 800 తర్వాత అన్నిటికంటే పొడి కాలమని తడి, పొడి ఏళ్ల జాడను దాచుకునే చెట్ల కాండపు వలయాల ఆధారంగా తేలింది; నేల తేమలో ఆ లోటుకు 42 శాతం మేర మానవ ప్రేరిత మార్పు కారణమని 2022 నాటి అధ్యయనం అంచనా. ఇదే తరహా పద్ధతులు బ్రెజిల్ ఆగ్నేయంలో 2014-15 నీటి ఎద్దడికి వాతావరణ మార్పు ముఖ్య కారణం కాదని, జనాభా, నీటి వాడకం పెరగడమే ప్రధానమని చెప్పాయి. మడగాస్కర్ దక్షిణాన 2021లో ఆకలి తాండవించినప్పుడు దాన్ని వాతావరణ మార్పు తెచ్చిన కరువుగా ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వర్ణించింది. తర్వాతి విశ్లేషణలో పేదరికం, బలహీనమైన మౌలిక వసతులు, వానల సహజమైన ఒడిదుడుకులే ముందుకొచ్చాయి. కొన్నిసార్లు కాదని తేల్చగలుగుతున్న పద్ధతి కాబట్టే, అది అవునన్నప్పుడు ఆ మాటకు విలువ ఉంటుంది.

మనుషుల పద్దు

ప్రపంచంలో మనుషులు నదుల నుంచి, భూమి నుంచి తోడే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతుంది. ఆ తోడకం ఎంతవరకు సబబన్నది ఒక నదిలో ఎంత నీరుందని నమ్ముతున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అమెరికా నైరుతిలోని కొలరాడో నది దీనికి పాఠం లాంటిది. 1922 ఒప్పందంలో ఎగువ, దిగువ పరీవాహక రాష్ట్రాలకు ఏడాదికి చెరి 75 లక్షల ఎకరా-అడుగులు (ఎకరా-అడుగు అంటే ఎకరం నేలలో అడుగు లోతున నిలిచే నీరు) కేటాయించారు. 1944లో మెక్సికోకు మరో 15 లక్షలు ఒప్పుకున్నారు. లెక్కకు ఆధారంగా తీసుకున్న ఏళ్లు అసాధారణంగా తడిగా ఉన్నవని చెట్ల వలయాలు చాలాకాలం తర్వాత బయటపెట్టాయి. అంటే ఆ నది పుట్టుకతోనే కాగితం మీద అప్పుల్లో ఉంది. దాని మీద వేడి వచ్చి పడింది. 2021 ఆగస్టులో దిగువ నదికి చరిత్రలో తొలిసారిగా నీటి కొరతను అధికారికంగా ప్రకటించారు. 2022 జూలైలో ఆ నది మీది మీడ్ జలాశయం 1930లలో నిండడం మొదలైన తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగింది. దీన్ని కేవలం కరువు అనడం ఒప్పందం రాసినవారిని సులువుగా వదిలేయడమే అవుతుంది.

జలాశయం కట్టడం వల్ల కరువు తీరుతుందన్న నమ్మకంలోనూ ఒక మడతపేచీ ఉంది. నిల్వ పెరిగితే చిన్న కరువులు తెలియకుండా దాటిపోతాయి. ఆ ధీమాతో ఆయకట్టు పెరుగుతుంది, నగరం పెరుగుతుంది, ఎక్కువ నీరు తాగే పంటలు వస్తాయి. పొదుపు అలవాటు పోతుంది. చివరికి నిల్వకు మించిన పెద్ద కరువు వచ్చినప్పుడు దెబ్బతినేవారి సంఖ్య జలాశయం లేనప్పటికంటే ఎక్కువగా ఉండవచ్చు.

నేలను వాడే తీరూ వానలేమిని విపత్తుగా మారుస్తుంది. 1930లలో అమెరికా మైదానాల్లో వానలు తగ్గింది నిజమే; కానీ ఆకాశాన్ని నల్లగా కమ్మేసిన ధూళి తుపానులకు మూలం, గోధుమ ధర బాగున్న రోజుల్లో వేళ్లతో మట్టిని పట్టి ఉంచిన గడ్డి మైదానాలను దున్నేయడం. 1935 ఏప్రిల్ నాటి పెద్ద ధూళి తుపాను తర్వాత అదే నెలలో అమెరికా మట్టి సంరక్షణ చట్టం చేసింది. అమెజాన్‌లో ప్రమాదం ఇంకో రూపంలో ఉంది. అక్కడ అట్లాంటిక్ నుంచి వచ్చిన తేమ వానగా పడి, చెట్ల ద్వారా మళ్లీ ఆవిరై, ఇంకా పడమటికి వెళ్లి మళ్లీ వానగా పడుతుంది. తూర్పున అడవి నరికితే పడమట వాన తగ్గుతుంది. నరికినవాడి పొలానికీ ఎండిన పొలానికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉండటంతో ఆ లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 1970-2019 మధ్య వాతావరణ సంబంధ విపత్తుల్లో అత్యధిక ప్రాణనష్టం కరువులదే, సుమారు 6,50,000. తుపానులు, గాలివానల కంటే అది ఎక్కువ. అయితే ఆ మరణాల్లో నేరుగా దాహంతో జరిగేవి చాలా అరుదు. ఆకలి, ఆకలి వెనుక వచ్చే కలరా, తట్టు, ఊరొదిలే ప్రయాణం ప్రాణాలు తీస్తాయి. ఆహారం ఉన్నచోట కూడా దాన్ని కొనుక్కునే శక్తి పోవడం వల్ల కాటకాలు వస్తాయని అమర్త్య సేన్ 1981లో వాదించారు. 1870 తర్వాత భారతదేశంలో వచ్చిన పెద్ద కాటకాలను నేల తేమ లెక్కలతో పోల్చి చూసిన గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు, 1943 నాటి బెంగాల్ కాటకం మాత్రం బెట్ట వల్ల వచ్చింది కాదని 2019లో తేల్చారు. అనావృష్టి లేకుండా కరువు రాగలదు. అనావృష్టి ఉండి కరువు రాకుండా ఆపడమూ సాధ్యమే.

సోమాలియా ఈ రెండింటి మధ్య నలిగిన దేశం. 2010-12 కాటకంలో అక్కడ సుమారు 2,60,000 మంది మరణించారు, వారిలో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. హెచ్చరికలు నెలల ముందే వెలువడ్డాయి, కాటకాన్ని అధికారికంగా ప్రకటించింది 2011 జూలైలో. 2022లో వానలేమి అంతకంటే దీర్ఘమైనది. సాయం ఈసారి కొంత ముందుగా అందడంతో కాటకం ప్రకటించాల్సిన స్థాయి రాలేదు, అయినా ఆ ఒక్క ఏడాదిలో సుమారు 43,000 మంది అదనంగా మరణించారని ఒక అంచనా. పశువుల మీద బతికే కుటుంబానికి మంద చచ్చిపోవడమంటే ఒక ఏడాది పంట పోవడం వంటిది కాదు. పైరు పోతే మరుసటి వానకు విత్తవచ్చు. మందను మళ్లీ కూర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆలోగా మరో కరువు వస్తే ఆ కుటుంబం పశుపోషణ నుంచే తప్పుకుంటుంది.

పొలానికి దూరంగా తగిలే దెబ్బలు ఇటీవలి కాలంలో ఎక్కువగా కనిపిస్తున్నాయి. విద్యుత్తులో అయిదింట నాలుగు వంతులకు పైగా జలశక్తి మీద ఆధారపడిన జాంబియా, 2024లో కరీబా జలాశయం అడుగంటడంతో చీకట్లో మగ్గింది. పనామా కాలువలో ఒక్కో ఓడ దాటడానికి దాదాపు 19 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రంలోకి పోతుంది. ఆ నీరందించే గాటున్ సరస్సు తగ్గడంతో, సాధారణంగా రోజుకు 36 దాకా ఉండే ఓడల సంఖ్యను 2024 ఆరంభంలో 24కు కుదించారు. అదే సరస్సు దేశ జనాభాలో పెద్ద భాగానికి తాగునీరు కూడా, కాబట్టి ఓడకూ కుళాయికీ మధ్య ఎంచుకోవలసి వచ్చింది. 2023 అక్టోబరులో బ్రెజిల్ అమెజాన్ ప్రాంతంలోని మనౌస్ దగ్గర నీగ్రో నది 1902లో కొలతలు మొదలైన తర్వాత అత్యల్ప మట్టానికి దిగి, మరుసటి ఏడాది ఆ రికార్డునూ దాటి కిందికి పోయింది. నదే దారిగా బతికే ఊళ్లకు ఆహారం, మందులు ఆగిపోయాయి. అదే అమెజాన్ ప్రాంతంలోని తెఫె సరస్సులో నీరు 39 డిగ్రీలకు పైగా కాగి, వందకు పైగా డాల్ఫిన్‌లు చచ్చి తేలాయి.

అడవులు కూడా తమ లెక్క మార్చుకుంటాయి. 2003 వేసవిలో ఐరోపా చెట్లూ పైర్లూ పీల్చుకున్న కార్బన్ కంటే వదిలినది ఎక్కువైంది. అంతకుముందు దాదాపు నాలుగేళ్లలో దాచిపెట్టినంత కార్బన్ ఆ ఒక్క ఏడాదిలో గాలిలోకి పోయిందని తర్వాత లెక్కగట్టారు. వేడి కరువును తెస్తే, కరువు వేడికి ఇంధనం అందించింది. ధాన్యపు మార్కెట్ల గొలుసు ఇంకా త్వరగా లాగుతుంది: 2010 ఆగస్టులో రష్యా గోధుమ ఎగుమతులను నిలిపేయగానే, దిగుమతుల మీద బతికే దేశాల్లో ధరలు ఎగబాకాయి. కరువు యుద్ధాలకు దారితీస్తుందన్న వాదన దగ్గర మాత్రం ఆగి చూడాలి. 2006 తర్వాత సిరియాలో వచ్చిన కరువు అంతర్యుద్ధానికి తోడ్పడిందని 2015లో వచ్చిన ఒక పత్రం విస్తృతంగా ప్రచారమైంది. వలసల లెక్కలూ కారణాల గొలుసూ బలహీనమని 2017లో ఇతర పరిశోధకులు దాన్ని సవాలు చేశారు. పొలాలు ఎండింది నిజం, పాలన క్రూరమైనదీ నిజం; మొదటిదాన్ని రెండోదానికి సంజాయిషీగా వాడటం పాలకులకు అనుకూలించే పని.

కరువు ఎప్పుడు ముగుస్తుంది

చెక్ దేశంలోని డెచిన్ దగ్గర ఎల్బె నది అడుగున ఒక బండరాయి ఉంది. నీరు బాగా తగ్గిన ఏళ్లను దాని మీద చెక్కుతూ వచ్చారు. ఇప్పటికీ చదవగలిగే వాటిలో పాతది 1616. నన్ను చూశావంటే ఏడువు అని జర్మన్ భాషలో దాని మీద రాసి ఉంది. 2018లోనూ 2022లోనూ అది మళ్లీ బయటపడింది. నది నిండగానే రాయి మునుగుతుంది, పత్రికల్లో కరువు ముగుస్తుంది. కేప్‌టౌన్‌లోనూ అదే జరిగింది: 2018 ఆరంభంలో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టి, మొత్తం వాడకాన్ని సగానికి పైగా తగ్గించుకున్న ఆ నగరం, కుళాయిలు ఆగిపోవాల్సిన రోజును వెనక్కి నెట్టుకుంటూ పోయి, ఆ ఏడాది నడిమిలో వానలు పడటంతో గట్టెక్కింది.

నేల అడుగున లెక్క వేరు. వాన పడిన వెంటనే అనావృష్టి ముగుస్తుంది, కొద్ది రోజుల్లో బెట్ట తీరుతుంది, ఒకటి రెండు కార్లలో జలాశయం నిండుతుంది. కరువు ఏళ్లలో ఉపరితల నీరు అందక బోర్లతో తోడుకున్న భూగర్భ జలం మాత్రం ఆ వరుసలో రాదు. 2002 నుంచి భూమి గురుత్వాకర్షణలోని సన్నని మార్పులను కొలిచిన జంట ఉపగ్రహాలు, వాయవ్య భారతంలోనూ కాలిఫోర్నియా మధ్య లోయలోనూ ఈ నిల్వ తడి ఏళ్లలో కొంచెం కోలుకుని, ఎండు ఏళ్లలో అంతకంటే ఎక్కువగా పడిపోతూ మెట్లు దిగినట్టు తగ్గుతున్నట్టు చూపించాయి. నీరు పోయిన బంకమట్టి పొరలు పైనున్న బరువుకు కుదించుకుపోతాయి. కాలిఫోర్నియాలోని సాన్ వాకిన్ లోయలో 1977లో తీసిన ఒక ఛాయాచిత్రంలో భూగర్భ శాస్త్రవేత్త జోసెఫ్ పోలండ్ ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడి ఉంటాడు. స్తంభానికి ఏళ్లు రాసిన పలకలు కట్టి ఉన్నాయి. నేలమట్టం 1955లో ఎక్కడుందో చూపే పలక అతని తల కంటే ఎంతో పైన ఉంది, 1925 నాటిది దాదాపు స్తంభం చివరన ఉంది; ఆ రెంటి కింద, సుమారు 28 అడుగులు దిగిపోయిన నేల మీద అతని కాళ్లున్నాయి. ఆ తర్వాత ఆ లోయలో ఎన్నో మంచి వానలు పడ్డాయి. కుదించుకుపోయిన పొరల్లో నీటికి ఉండిన చోటు మాత్రం తిరిగి రాలేదు.